అపాచీ మాడ్‌రీరైట్ సమీక్ష: ఒకే సర్వర్‌పై పలు డొమైన్లు, పలు అప్లికేషన్లు

చిన్న సంస్థల్లో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది. ఉన్నది ఒకే సర్వర్. అందులో జావాలో రాసిన ఖాతాల అప్లికేషన్ టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ కింద 8080 పోర్టులోనూ, నోడ్‌లో రాసిన ఆర్డర్ల అప్లికేషన్ 3000 పోర్టులోనూ నడుస్తుంటాయి. వాటికి తోడు పీహెచ్‌పీలో ఒక వర్డ్‌ప్రెస్ సైటు ఉంటుంది. బయటివారికి మాత్రం మూడు వేర్వేరు డొమైన్లు కనిపించాలి, పోర్టు నంబరు గానీ లోపలి ఫోల్డరు పేరు గానీ బ్రౌజరులో ఎక్కడా బయటపడకూడదు. ఈ పని అప్పగించగానే మనలో చాలామంది ముందుగా తెరిచేది అపాచీ వెబ్ సర్వర్‌లో, వచ్చిన చిరునామాను నియమాల ప్రకారం మార్చే మాడ్‌రీరైట్ మాడ్యూల్‌నే. ఆ మాడ్యూల్ చేయగల పనులు ఎన్నో ఉన్నా, ఈ సమీక్ష డొమైన్‌ను అప్లికేషన్‌కు కలిపే పనికే పరిమితం.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. డొమైన్లు పదిలోపు ఉండి, అవి అరుదుగా మారేవైతే ఈ పనికి మాడ్‌రీరైట్ అవసరమే లేదు, అపాచీలోనే అంతకంటే సూటి మార్గం ఉంది. డొమైన్లు వందల్లో ఉండి, రోజూ కొత్తవి చేరుతూ ఉంటే మాత్రం ఇందులో జాబితా చూసి చిరునామా వెతికే రీరైట్‌మ్యాప్ అనే ఒక్క సదుపాయం కోసమే దీన్ని నేర్చుకోవచ్చు. నేర్చుకునే శ్రమ తక్కువేమీ కాదు.

మాడ్యూల్ వయసు తెలిస్తే దాని తీరు కొంత అర్థమవుతుంది. రాల్ఫ్ ఎంగెల్‌షాల్ దీన్ని 1996 ఏప్రిల్‌లో రాసి, 1997 జూలైలో అపాచీ బృందానికి ఇచ్చారు. అభ్యర్థనలో, ఏ డొమైన్‌ను అడుగుతున్నారో చెప్పే హోస్ట్ హెడర్ తప్పనిసరిగా ఉండాలన్న హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం తొలిసారి వెలువడింది కూడా 1997 జనవరిలోనే. అంటే ఒకే ఐపీ చిరునామా మీద పలు డొమైన్లు నడపడం అప్పుడప్పుడే కుదురుకుంటున్న కాలంలో, లేని సదుపాయాలన్నిటికీ బదులుగా పనికొచ్చేలా దీన్ని తయారు చేశారు. తరువాతి కాలంలో ఆ సదుపాయాలు ఒక్కొక్కటిగా అపాచీలోకి వచ్చేశాయి. అయినా పాత అలవాటు కొద్దీ అన్నిటికీ రీరైట్ నియమాలే రాస్తున్నాం. అపాచీ వారి డాక్యుమెంటేషన్‌లోనే మాడ్‌రీరైట్ ఎప్పుడు వాడకూడదో చెప్పే ప్రత్యేక అధ్యాయం ఉంది. తన ఉత్పత్తిని ఎక్కడ వాడవద్దో తయారీదారే ఇంత స్పష్టంగా రాయడం నాకు నచ్చిన విషయం. కాకపోతే ఆ అధ్యాయం చదవకుండానే ఎక్కడి నుంచో నాలుగు వరుసలు తెచ్చి అతికించేవారే ఎక్కువ.

ఆ సూటి మార్గం ఏమిటంటే, ఒక్కో డొమైన్‌కు ఒక్కో వర్చువల్ హోస్ట్ విభాగం రాసి, అందులో సర్వర్‌నేమ్ కింద డొమైన్ పేరు ఇచ్చి, ప్రాక్సీపాస్ ద్వారా అభ్యర్థనలను లోపలి పోర్టుకు పంపడం. పేరును బట్టి విభాగాన్ని ఎంచుకోవడం అపాచీ స్వయంగా చేస్తుంది కాబట్టి హోస్ట్ హెడర్‌ను మనం నియమాలతో పరీక్షించాల్సిన పని లేదు. ఇదే పనిని మాడ్‌రీరైట్‌లో నియమం రాసే రీరైట్‌రూల్‌కు, ప్రాక్సీగా లోపలికి పంపమని చెప్పే పీ అనే ఫ్లాగ్ తగిలించి కూడా చేయవచ్చు గానీ, అలా చేసినప్పుడు అపాచీ తన డిఫాల్ట్ ప్రాక్సీ వర్కర్‌ను వాడుతుంది. ఆ వర్కర్ లోపలి అప్లికేషన్‌తో కనెక్షన్‌ను నిలిపి ఉంచుకోదు, ప్రతి అభ్యర్థనకూ కొత్తది తెరుస్తుంది. రద్దీ తక్కువగా ఉన్నంతకాలం ఈ తేడా కనిపించదు. తప్పనిసరిగా పీ ఫ్లాగే వాడాల్సి వస్తే, లోపలి చిరునామాను ప్రాక్సీ విభాగంగా విడిగా ప్రకటించి వర్కర్‌ను ఏర్పాటు చేసుకోవాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, అభ్యర్థనను లోపలికి పంపడం సగం పని మాత్రమే, జవాబు సరైన చిరునామాతో బయటికి రావడం మిగతా సగం. టామ్‌క్యాట్ లాగిన్ తర్వాత మరో పేజీకి మళ్లించేటప్పుడు, ఎక్కడికి వెళ్లాలో చెప్పే లొకేషన్ హెడర్‌లో పూర్తి చిరునామా రాస్తే, అది తనకు తెలిసిన చిరునామానే అవుతుంది. అసలు హోస్ట్ హెడర్‌ను అలాగే లోపలికి పంపే ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ అనే సెట్టింగు మొదట ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి, టామ్‌క్యాట్‌కు తెలిసింది లోకల్‌హోస్ట్, 8080 మాత్రమే. అలాంటప్పుడు జవాబులోని ఆ చిరునామాను బయటి డొమైన్‌కు మార్చే ప్రాక్సీపాస్‌రివర్స్ రాయకపోతే వాడుకరి బ్రౌజరు తన సొంత కంప్యూటరులోని 8080 పోర్టు కోసం వెతుక్కుంటుంది. ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్‌ను ఆన్ చేస్తే డొమైన్ పేరు సరిగా వస్తుంది గానీ, ఇంకో చిక్కు మిగులుతుంది. హెచ్‌టీటీపీఎస్ పని అపాచీ దగ్గరే ముగిసి, లోపలికి మామూలు హెచ్‌టీటీపీ వెళుతున్నప్పుడు, అప్లికేషన్ తయారుచేసే లింకులన్నీ హెచ్‌టీటీపీతోనే మొదలవుతాయి. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-హోస్ట్ హెడర్లను అపాచీ ప్రాక్సీ తనంతట తానే చేరుస్తుంది, అభ్యర్థన హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందో లేదో చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ను మాత్రం చేర్చదు. దాన్ని రిక్వెస్ట్‌హెడర్ ఆదేశంతో మనమే పెట్టాలి, ఆపైన టామ్‌క్యాట్‌లో రిమోట్‌ఐపీవాల్వ్‌ను అమర్చి దాన్ని నమ్మమని చెప్పాలి. మూడింటిలో రెండు చేర్చి ఒకటి వదిలేయడం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇక ఈ మొత్తం పనిలో అసలు మెలిక కాంటెక్స్ట్ పాత్, అంటే అప్లికేషన్ దొరికే దారి, దగ్గర ఉంది, దీని మీద కొంచెం ఆగాలి. టామ్‌క్యాట్‌లో ఖాతా అనే పేరుతో పెట్టిన అప్లికేషన్ స్లాష్ ఖాతా అనే దారిలో దొరుకుతుంది. డొమైన్ తెరవగానే నేరుగా అదే రావాలన్న కోరికతో, వచ్చిన ప్రతి దారికీ ముందు స్లాష్ ఖాతా చేర్చి లోపలికి పంపే రీరైట్ నియమం రాస్తారు. మొదటి పేజీ చక్కగా తెరుచుకుంటుంది, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ పేజీలోని స్టైల్ షీటు లింకు స్లాష్ ఖాతాతోనే మొదలవుతుంది, ఎందుకంటే అప్లికేషన్ దృష్టిలో తన చిరునామా అదే. బ్రౌజరు ఆ లింకును అడిగినప్పుడు మన నియమం దానికి ముందు మరో ఖాతాను చేరుస్తుంది. లోపలికి ఖాతా, ఖాతా అని రెండుసార్లు వెళ్లి 404 వస్తుంది. దీన్ని ఆపడానికి, దారి ఇప్పటికే ఖాతాతో మొదలైతే మళ్లీ చేర్చవద్దని ఒక షరతు పెడతారు. ఇప్పుడు స్టైల్ షీటు వస్తుంది గానీ, లాగిన్ నిలవదు. టామ్‌క్యాట్ ఇచ్చిన సెషన్ కుకీలో పాత్ విలువ స్లాష్ ఖాతా అని ఉండటంతో, బ్రౌజరు దృష్టిలో మూల దారిలో ఉన్న పేజీకి ఆ కుకీని పంపదు. అప్పుడు ప్రాక్సీపాస్‌రివర్స్‌కుకీపాత్ అనే మరో ఆదేశం వెతుక్కోవాలి. ఇంతా చేశాక, జావాస్క్రిప్టు లోపల కూర్చిన దారులు ఇంకా పాతవిగానే ఉంటాయి.

ఇలా ఒక నియమాన్ని సరిదిద్దడానికి ఇంకొకటి రాస్తూ పోవడం కంటే, ఆ అప్లికేషన్‌ను టామ్‌క్యాట్‌లోనే రూట్ అప్లికేషన్‌గా, అంటే స్లాష్ ఖాతా లాంటి ఉపదారి లేకుండా, పెట్టడం మేలు. టామ్‌క్యాట్ ఆకృతీకరణలో ఒక్కో డొమైన్‌కు విడిగా హోస్ట్ అంశాన్ని చేర్చి, ప్రతిదానికీ వేరే యాప్‌బేస్ ఫోల్డరు ఇచ్చి, అందులో రూట్ పేరుతో వార్ ఫైలు (జావా అప్లికేషన్ మూట) ఉంచితే, అపాచీ వైపు దారి మార్చే నియమం ఒక్కటి కూడా అక్కరలేదు. బయటి దారి, లోపలి దారి అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే అయినప్పుడు లింకులు, కుకీలు, దారి మళ్లింపులు అన్నీ వాటంతట అవే కుదురుతాయి. అప్లికేషన్‌ను మార్చే వీలు లేనప్పుడు, అంటే బయటి సంస్థ ఇచ్చిన మూసివున్న సాఫ్ట్‌వేర్ అయినప్పుడు మాత్రమే పై తిప్పలు పడాలి.

ఇప్పుడు మాడ్‌రీరైట్ నిజంగా రాణించే చోటు. ఖాతాదారులు తమ సొంత డొమైన్లు తెచ్చుకుని మన సేవకు తగిలించుకునే వ్యాపారాల్లో ప్రతి డొమైన్‌కూ వర్చువల్ హోస్ట్ విభాగం రాయడం కుదరదు. రీరైట్‌మ్యాప్‌కు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఇస్తే చాలు. అందులో ప్రతి వరుసలోనూ ముందు డొమైన్ పేరు, ఒక ఖాళీ, తరువాత లోపలి చిరునామా ఉంటాయి. నియమం రెండు అంచెల్లో పనిచేస్తుంది. మొదట హోస్ట్ హెడర్‌ను లోపలి టులోయర్ మ్యాప్ ద్వారా చిన్నక్షరాల్లోకి మార్చి ఫైలులో వెతికే షరతు ఉంటుంది, దొరికిన చిరునామాకు అసలు దారిని జోడించి పంపే నియమం దాని కింద ఉంటుంది. ఫైలును అపాచీ మెమరీలో ఉంచుకుని, దాని మార్పు సమయం మారినప్పుడే మళ్లీ చదువుతుంది కాబట్టి, కొత్త వరుస చేర్చగానే సర్వర్‌ను రీస్టార్ట్ చేయకుండానే కొత్త డొమైన్ అమల్లోకి వస్తుంది. డొమైన్లు వేలల్లోకి పెరిగితే అదే జాబితాను వేగంగా వెతకగల డీబీఎం ఫైలు రూపంలోకి మార్చుకోవచ్చు, డేటాబేసు నుంచి నేరుగా చదివించే రకం కూడా ఉంది. జాబితాలో లేని పేరు వస్తే ఏం చేయాలో డిఫాల్ట్ విలువగా రాసుకోవచ్చు. నేనైతే ఆ చోట ఏ అప్లికేషన్‌నూ చూపించకుండా, సాదా 404 పేజీనే ఇవ్వమంటాను.

అయితే ఈ సౌలభ్యాన్ని హెచ్‌టీటీపీఎస్ సగానికి సగం తినేసింది. డొమైన్‌ను జాబితాలో రీస్టార్ట్ లేకుండా చేర్చగలిగినా, ఆ డొమైన్ సర్టిఫికెట్‌ను అపాచీ చేత చదివించడానికి ఎలాగూ కనీసం మృదువైన (గ్రేస్‌ఫుల్) రీస్టార్ట్ చేయాల్సిందే. సర్టిఫికెట్ల కోసం వచ్చిన మాడ్‌ఎండీ మాడ్యూల్ తెచ్చే పనిని చూసుకుంటుంది గానీ, కొత్త సర్టిఫికెట్ అమల్లోకి రావాలంటే అదీ ఆ రీస్టార్ట్ కోసం ఎదురుచూడక తప్పదు. అన్నీ ఒకే డొమైన్ కింది సబ్‌డొమైన్లై వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఉన్నప్పుడు, లేదా హెచ్‌టీటీపీఎస్ పని ముందున్న, అభ్యర్థనలను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ చూసుకుంటున్నప్పుడు మాత్రమే రీరైట్‌మ్యాప్ పూర్తి ఫలితం ఇస్తుంది. ఆ రెండో ఏర్పాటులో ఒక జాగ్రత్త అవసరం. లోడ్ బ్యాలెన్సర్ వెనుక ఉన్న అపాచీకి అన్ని అభ్యర్థనలూ మామూలు హెచ్‌టీటీపీగానే కనిపిస్తాయి కాబట్టి, హెచ్‌టీటీపీఎస్ లేకపోతే మళ్లించు అనే అందరికీ తెలిసిన నియమం అక్కడ అంతులేని చక్రంలో తిరుగుతుంది. షరతును ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ మీద పెట్టాలి. అలాగే సర్టిఫికెట్ జారీకి ముందు, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చి తనిఖీ చేసే దారిని అన్ని నియమాలకూ పైనే మినహాయించాలి. అది అప్లికేషన్‌లోకి వెళ్లిపోతే, సర్టిఫికెట్ గడువు తీరే రోజు వరకూ సంగతి బయటపడదు.

వాడుకలోని సౌకర్యం గురించి చెప్పాలంటే, మాడ్‌రీరైట్ భాష చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. షరతులు పైన, నియమం కింద రాస్తాం. అపాచీ మాత్రం ముందు నియమంలోని నమూనాను సరిచూసి, అది కుదిరితేనే పైనున్న షరతులను చూస్తుంది. నియమం పట్టుకున్న భాగాలకు డాలరు గుర్తు, షరతు పట్టుకున్న భాగాలకు శాతం గుర్తు వాడాలి, అందులోనూ చివరిగా కుదిరిన షరతు పట్టుకున్నవే మిగులుతాయి. మధ్యలో ఇంకో షరతు చేర్చగానే పాత నియమం అకారణంగా చెడిపోయినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. సర్వర్ ఆకృతీకరణలో దారి స్లాష్‌తో మొదలవుతుంది, ఒక ఫోల్డరుకే వర్తించే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఆ స్లాష్ ఉండదు. కనుక ఒకచోట పనిచేసిన నియమం రెండోచోట పనిచేయదు. ప్రధాన ఆకృతీకరణలో రాసిన నియమాలు వర్చువల్ హోస్ట్ విభాగాలకు వాటంతట అవి సంక్రమించవు. ఎల్ ఫ్లాగ్ అంటే అక్కడితో ఆఖరు అనుకుంటాం, కానీ హెచ్‌టీయాక్సెస్‌లో మారిన దారితో నియమాలు మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. నిజంగా ఆపే ఎండ్ ఫ్లాగ్ 2.4 తరంలో వచ్చింది.

ఈ గందరగోళానికి విరుగుడు లాగ్. 2.4 వచ్చాక రీరైట్‌లాగ్ అనే పాత ఆదేశాన్ని తీసేసి, లాగ్‌లెవెల్‌లోనే రీరైట్‌కు ట్రేస్1 నుంచి ట్రేస్8 వరకు స్థాయిలు ఇచ్చారు. నాలుగో స్థాయి పెట్టి ఒకే ఒక్క అభ్యర్థన పంపి చూడండి. ఏ నమూనాను ఏ దారితో పోల్చారో, ఏ షరతుకు లోపలికి వచ్చిన విలువ ఏమిటో, అది కుదిరిందో లేదో ఒక్కో వరుసగా వస్తుంది. మీరు స్లాష్ ఉందనుకున్న చోట లేకపోవడం, డొమైన్ వెంట పోర్టు నంబరు కూడా హోస్ట్ హెడర్‌లో రావడం వంటివి ఊహించే పని లేకుండా కంటి ముందే కనిపిస్తాయి. పని కాగానే తగ్గించేయాలి, రెండో స్థాయి దాటితే సర్వర్ బాగా మందగిస్తుంది. దీనికి తోడు అపాచీసీటీఎల్ ఆదేశానికి పెద్ద ఎస్ ఆప్షన్ ఇస్తే ఏ డొమైన్ ఏ వర్చువల్ హోస్ట్‌కు వెళుతుందో, దేనికీ చెందని పేరు వస్తే ఏది అందుకుంటుందో చూపిస్తుంది. నాణ్యతలో ఈ లాగ్‌కు నేను పూర్తి మార్కులు వేస్తాను.

తెలుగు సైట్లు నడిపేవారికి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. తెలుగు లిపిలోని .భారత్ డొమైన్‌ను బ్రౌజరు తెలుగులో చూపించినా, సర్వర్‌కు పంపే హోస్ట్ హెడర్‌లో ఆ పేరు ఎక్స్, ఎన్ అక్షరాలూ రెండు హైఫన్లతో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపంలో ఉంటుంది. కాబట్టి సర్వర్‌నేమ్‌లోనూ రీరైట్‌మ్యాప్ జాబితాలోనూ ప్యూనీకోడ్ రూపాన్నే రాయాలి, తెలుగులో రాసిన వరుస ఎన్నటికీ కుదరదు. డొమైన్ తర్వాతి దారి సంగతి ఇందుకు భిన్నం. అది శాతం గుర్తులతో వస్తుంది. తెలుగు అన్న ఒక్క మాటలో ఆరు యూనికోడ్ సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, శాతం గుర్తులతో రాస్తే 54 అక్షరాలు. రీరైట్‌రూల్ నమూనాను సరిచూసేముందు అపాచీ దీన్ని విప్పుతుంది కాబట్టి, ఆకృతీకరణ ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరిస్తే నమూనాలో తెలుగు మాటను ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. అయితే పోలిక బైట్ల స్థాయిలో జరుగుతుంది, చుక్క గుర్తు ఒక తెలుగు అక్షరానికి కాక ఒక బైటుకు సరిపోతుంది. అ నుంచి హ వరకు అంటూ చదరపు కుండలీకరణాల్లో రాసే పద్ధతి అందుకే పనిచేయదు. వెతుకులాట పదం లాంటిది క్వెరీ స్ట్రింగ్‌లో, అంటే చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగంలో, ఉంటే అపాచీ దాన్ని విప్పదు. షరతుతో దాన్ని పట్టుకుని కొత్త డొమైన్‌కు మళ్లించినప్పుడు శాతం గుర్తులే మళ్లీ శాతం గుర్తులుగా మారి, అవతల చదవరాని ముద్ద తేలుతుంది. ఎన్ఈ ఫ్లాగ్ పెడితే ఆ రెండో మార్పిడి ఆగుతుంది.

పాత డొమైన్ నుంచి కొత్తదానికి మళ్లించేటప్పుడు 301 (శాశ్వత మళ్లింపు) ఇచ్చేముందు ఒకసారి ఆగి 302 (తాత్కాలిక మళ్లింపు)తో పరీక్షించుకోండి, ఎందుకంటే 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి. ఫారం సమర్పణలు వచ్చే చిరునామాలకు 308 సరైనది. 301తో పోస్ట్ అభ్యర్థన గెట్‌గా మారిపోయే అవకాశం ఉంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవారు పెద్దగా ఆశపడవలసింది లేదు. అక్కడ చేతికొచ్చేది హెచ్‌టీయాక్సెస్ ఫైలు మాత్రమే, రీరైట్‌మ్యాప్‌ను అందులో ప్రకటించడం కుదరదు. డొమైన్‌ను బట్టి ఒక్కో ఫోల్డరుకు పంపడం వరకూ అది చాలు.

పోటీదారుల్లో ఎన్‌జిన్‌ఎక్స్‌లోని మ్యాప్ ఆదేశం చదవడానికి చాలా హాయిగా ఉంటుంది. జాబితా మారినప్పుడు రీలోడ్ మాత్రం చేయాలి, ప్రాక్సీపాస్ చిరునామా చివర స్లాష్ ఉండటం, లేకపోవడం మధ్య తేడాను అక్కడ కూడా కంఠస్థం చేయాలి. విండోస్ ఐఐఎస్‌లోని యూఆర్‌ఎల్ రీరైట్ మాడ్యూల్‌కు మంచి తెరరూపం ఉంది, జవాబులోని లింకులను మార్చే అవుట్‌బౌండ్ నియమాలు కూడా అందులోనే ఉన్నాయి. ఖాతాదారుల డొమైన్లు రోజూ చేరుతూ, ప్రతిదానికీ వేరే సర్టిఫికెట్ కావలసిన వ్యాపారాన్ని ఈరోజు కొత్తగా మొదలుపెడుతుంటే నేను క్యాడీ అనే వెబ్ సర్వర్‌ను సూచిస్తాను, ఎందుకంటే తొలి అభ్యర్థన వచ్చిన క్షణంలోనే సర్టిఫికెట్ తెచ్చుకోవడం దానికి వచ్చు. ఇప్పటికే అపాచీ నడుస్తున్నచోట దీని కోసమే ఇల్లు మారనక్కరలేదు.

భద్రత విషయంలో మాడ్‌రీరైట్ చరిత్ర మచ్చలేనిది కాదు. 2011లో బయటపడిన లోపం ఎలాంటిదంటే, పీ ఫ్లాగ్ నియమంలో లోపలి సర్వర్ పేరుకూ డాలరు ఒకటికీ మధ్య స్లాష్ మరిచిపోతే, ఎట్ గుర్తుతో మొదలయ్యే అభ్యర్థన పంపినవారు లోపలి నెట్‌వర్కులోని మరో యంత్రానికి చేరుకోగలిగేవారు. 2023 మార్చిలో వచ్చిన 2.4.56, 2024 జూలైలో వచ్చిన 2.4.60 వెర్షన్లు కూడా రీరైట్ నియమాలకు సంబంధించిన తీవ్రమైన లోపాలను సరిచేశాయి, ఆ రెండోదానికి దారితీసిన పరిశోధన భద్రతా పరిశోధకుడు ఆరెంజ్ సాయ్‌ది. ఏ వెర్షన్ అయినా, హోస్ట్ హెడర్‌ను జాబితాతో సరిచూడకుండా నేరుగా ప్రాక్సీ చిరునామాలో పెట్టే నియమం రాయకండి, వచ్చినవారు ఎక్కడికి పంపమంటే అక్కడికి పంపే సర్వర్ అవుతుంది. 2.4.60కి మారిన తర్వాత ఇంతకాలం పనిచేసిన నియమం ఒకటి హఠాత్తుగా 403 ఇస్తే, దారిలో ఎన్‌కోడ్ అయిన ప్రశ్నార్థకం ఉందేమో ఎర్రర్ లాగ్‌లో చూడండి. అన్‌సేఫ్‌అలౌ3ఎఫ్ అనే ఫ్లాగ్ తగిలిస్తే నియమం పాత తీరులో నడుస్తుంది గానీ, ఆ ఫ్లాగ్ పేరులోనే హెచ్చరిక ఉంది కాబట్టి నియమాన్నే తిరిగి రాసుకోవడం మంచిది.